స్టేజీ ఎక్కినవాళ్లనే తీసే కెమెరా

యూనివర్సిటీ ఫొటోగ్రాఫర్ సామేలుకు క్యాంపస్‌లో ఒక పేరుంది. ఆయన తీసిన ఫొటోలో ఎవరూ కళ్లు మూసుకుని ఉండరు. పాతికేళ్లలో ఏడుగురు వైస్ ఛాన్సలర్లను చూశాడు. ఎవరిని ఎడమ పక్క నుంచి తీస్తే మెడ కింది మడత కనిపించదో, ఎవరిని కుడి పక్క నుంచి తీస్తే నెత్తిన జుట్టు ఉన్నట్టు తోస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, “నేర్చుకునుడేంది, తిట్లు తిన్న. తిట్టు తిట్టుకు ఒక పక్క యాదికుంటది” అనేవాడు.

సొంతూరు ఆలేరు అవతల ఒక పల్లె. మిషన్ బడిలో తొమ్మిదో తరగతి దాకా చదివి, హెడ్మాస్టరు రాసిచ్చిన ఉత్తరం జేబులో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాడు. ఆ ఉత్తరం పుణ్యాన జియాలజీ డిపార్ట్‌మెంటులో డార్క్‌రూం అటెండరయ్యాడు. మందునీళ్ల ట్రేలు కడగడం, తడి ఫొటోలు దండెం మీద ఆరేయడం ఆయన పని. అక్కడి ముసలి ఫొటోగ్రాఫర్‌కు కళ్లలో శుక్లాలు. బయటికి తెలిస్తే ఉద్యోగం పోతుందని ఆయన భయం. అందుకని కెమెరాలో చూసి ఫోకస్ సరిచేసేది సామేలు, మీట నొక్కేది ఆయన. అలా ఆరేళ్లు గడిచాక ఆయన రిటైరైపోతూ కెమెరాను సామేలు మెడలో వేసి “ఇగ నువ్వే చూస్కో” అన్నాడు. సామేలుకు అందిన నియామకపు ఉత్తర్వు అదొక్కటే.

బౌద్ధనగర్‌లో రెండు గదుల ఇల్లు. భార్య సుగుణమ్మ తార్నాకలో ఒక నర్సింగ్‌హోంలో ఆయా. పొద్దున ఎనిమిదింటికి సామేలు ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తార్నాకలో దించి, అక్కణ్నించి క్యాంపస్‌కు మళ్లేవాడు. ఇద్దరిదీ సాఫీగా సాగిపోతున్న బతుకే. ఆ టెలీఫొటో లెన్సు వచ్చేదాకా.

అది రావడానికి కారణం సామేలు వీపు.

తొంభై నాలుగులో జరిగిన స్నాతకోత్సవాన్ని వీడియో తీయించారు. కొత్త వీసీ గారు కుటుంబంతో సహా కూర్చుని ఆ క్యాసెట్ చూశారు. పట్టాలు ఇచ్చే ముప్పావు గంటలో అరగంట సేపు తెర మీద కనిపించింది సామేలు వీపూ, చెమటకు అంటుకుపోయిన చొక్కా. వీసీ గారి మనవరాలు “తాతా, ఈ తాత ఎవరు?” అని అడిగిందట. మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట ఫొటోగ్రాఫర్ వేదికకు నలభై అడుగుల దూరంలో ఉండాలి, ఫొటోలు మాత్రం నాలుగడుగుల దూరం నుంచి తీసినట్టు రావాలి.

అది పాత కెమెరాతో అయ్యే పని కాదని సామేలు విన్నవించాడు. దూరపు మనిషిని దగ్గరికి లాగే పెద్ద లెన్సు, తనంతట తానే ఫోకస్ చేసుకునే కొత్త కెమెరా కొనాలని ఫైలు కదిలింది. ఆ ఫైలు పద్నాలుగు నెలలు తిరిగింది. మధ్యలో ఒక అధికారి “నలభై అడుగులు అనడం కన్నా ముప్పై అడుగులు అంటే చిన్న లెన్సు సరిపోదా?” అని రాశాడు. ఇంకొకాయన “వేదికనే ముందుకు జరపవచ్చు గదా?” అని రాశాడు. చివరకు తొంభై ఆరు జనవరిలో కెమెరా దిగింది. తొమ్మిది రోజులు స్టోర్స్ సెక్షన్‌లో ఉండి, పదో రోజున సామేలు చేతికి వచ్చింది.

లెన్సు మూర పొడవుంది. బరువు కెమెరాకు మూడింతలు. మీటను సగం నొక్కితే లోపల మోటారు గుర్రుమని తిరిగి, ఎక్కడో చెట్టు చివరన ఉన్న కొంగ కన్ను కూడా కొట్టొచ్చినట్టు కనిపించేది. మొదటి రోజు సామేలు చిన్నపిల్లాడైపోయాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర నిలబడి పైకప్పు మీది పావురాలను పన్నెండు తీశాడు. పన్నెండూ అద్భుతంగా వచ్చాయి.

మూడో రోజున లైబ్రరీ ముందు చదువుకుంటున్న పిల్లలను తీద్దామని కెమెరాను స్టాండు మీద పెట్టి మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. కెమెరాలో కంటికి ఆనే అద్దం అంచున అంకెలు ఉండాల్సిన చోట రెండు గీతలు కనిపించాయి. విప్పి మళ్లీ బిగించాడు. టక్కున ఫొటో పడింది. ఇంకో రెండు ఫొటోలు తీసేసరికి మళ్లీ గీతలు. సాయంత్రం గడియారపు స్తంభాన్ని తీస్తే మామూలుగానే పడింది. కొత్త సామాను కదా, అలవాటు పడాలి కాబోలు అనుకున్నాడు. అయినా ఎందుకైనా మంచిదని, చర్చిలో ఇచ్చిన పాత డైరీ ఒకటి తీసి అందులో రాయడం మొదలుపెట్టాడు. ఏ తేదీన, ఎక్కడ, దేన్ని తీస్తుంటే పడింది, దేన్ని తీస్తుంటే పడలేదు.

ఫిబ్రవరిలో యూనివర్సిటీల మధ్య ఆటల పోటీలు మన గ్రౌండులోనే జరిగాయి. నాలుగొందల మీటర్ల పరుగులో ప్రవళిక అనే అమ్మాయి మన తరఫున పరుగెత్తింది. ఆమె తల్లి బాలలక్ష్మి లేడీస్ హాస్టల్ వంటగదిలో పనిచేస్తుంది. ప్రవళిక పొద్దున అయిదింటికే గ్రౌండు చుట్టూ తిరిగేది, తొమ్మిదింటికి క్లాసుకు పోయేది, మధ్యలో తల్లితో కలిసి చపాతీలు ఒత్తేది. ఆ రోజు ఆ పిల్ల చివరి వంద మీటర్లు ఉన్నాయనగా నాలుగో స్థానంలో ఉంది. అక్కణ్నుంచి ఏం పట్టిందో ఏమో, ఒక్కొక్కరినే వెనక్కి తోసుకుంటూ వచ్చింది. సామేలు ముగింపు గీతకు సూటిగా, నలభై అడుగుల అవతల స్టాండు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అద్దంలో ఆమె ముఖం ఇంతై కనిపించింది. నోరు తెరిచి, మెడ నరాలు బిగించి, రెండు చేతులూ పైకి లేపి టేపు మీద పడింది.

సామేలు మీట నొక్కాడు.

రెండు గీతలు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అవే గీతలు. మూడోసారి నొక్కేలోపు టేపు ఆమె ఛాతీ మీది నుంచి జారి మట్టిలో పడింది.

గంట తర్వాత బహుమతులు. వీసీ గారు ఆరడుగుల ఎత్తు వేదిక మీద నిలబడి కప్పు అందిస్తుంటే, కింద నుంచి సామేలు మీట నొక్కితే కెమెరా పలికింది. పదిసార్లు నొక్కితే పదిసార్లూ పలికింది. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. వీసీ గారి చిరునవ్వు, శాలువా జరీ, ఉంగరంలో రాయి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కప్పు వెనక ప్రవళిక చెవి ఒకటి కనిపిస్తోంది.

ప్రవళిక ఆ పేపరు పట్టుకుని ఫొటో సెక్షన్‌కు వచ్చింది.

“అంకుల్, నేను ఉరికిన ఫొటో ఉన్నదా? మా అమ్మ సూస్తానంటున్నది. ఆమెకు వంట నుంచి సెలవియ్యలే, రాలేకపోయింది.”

పాతికేళ్లలో ఎవరికీ ‘ఫొటో రాలేదు’ అని చెప్పి ఎరగడు సామేలు. తల దించుకున్నాడు.

“పడలేదు బిడ్డా. కెమెరా పలకలే.”

“వీసీ సారుది పడ్డది గద అంకుల్?”

“పడ్డది.”

ఆ పిల్ల కొట్లాడలేదు. పేపరును జాగ్రత్తగా మడిచింది. “సరే అంకుల్, గీ చెవి నాదేనని చెప్తా” అని వెళ్లిపోయింది. అంతకన్నా రెండు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సామేలుకు.

ఆ రోజే కూర్చుని రిజిస్ట్రార్‌కు కాగితం పెట్టాడు. కెమెరా అప్పుడప్పుడు పనిచేయడం లేదు, చూపించవలెను అని. యూనివర్సిటీలో చెడిపోయిన వస్తువును బాగు చేయించాలంటే ముందు అది చెడిపోయిందని తేల్చాలి. తేల్చడానికి కమిటీ వేయాలి. వేశారు. ఫిజిక్స్ ప్రొఫెసర్ శశిధర్ గారు అధ్యక్షుడు. స్టోర్స్ సూపరింటెండెంటు ఈశ్వరయ్య కార్యదర్శి. మూడో ఆయన పేరు కాగితం మీద ఉండేది, మనిషి ఏ సమావేశానికీ రాలేదు. ఆయన వచ్చినట్టుగానే అన్నిటికీ రాసుకున్నారు.

ఈశ్వరయ్యది అనంతపురం దగ్గర ఊరు. మంచివాడు. ఎవరి పెళ్లికి పిలిచినా వెళ్లేవాడు, ఎవరి చావుకు పిలవకపోయినా వెళ్లేవాడు. ఒకటే పిచ్చి. నంబరు వేయని వస్తువు ఉన్నా లేనట్టే ఆయన లెక్క. కుర్చీలకు, ఫ్యాన్లకు, జువాలజీ వాళ్ల అస్థిపంజరానికి, ఆఖరికి ఆ అస్థిపంజరం వేలాడే కొక్కేనికి కూడా ఆయన హయాంలోనే తెల్ల రంగుతో నంబర్లు పడ్డాయి.

కమిటీ ముందు కెమెరాను బల్ల మీద పెట్టారు. దేన్ని ఫొటో తీసి పరీక్షించాలన్నది ప్రశ్న అయింది. వీసీ గారిని తీస్తే మర్యాద కాదు, గుమాస్తాను తీస్తే మిగతా గుమాస్తాలు అడుగుతారు. పక్షపాతం లేకుండా ఉండాలని శశిధర్ గారు సీలింగ్ ఫ్యానును ఎంపిక చేశారు. లెన్సును పైకి తిప్పారు. టక్. మళ్లీ టక్. ముప్పై ఆరు ఫొటోల రీలు మొత్తం ఫ్యాను మీదే అయిపోయింది. ఒక్కటీ తప్పలేదు.

“ఏమైంది సామేల్? బ్రహ్మాండంగా పనిచేస్తోందే!” అన్నారు శశిధర్ గారు.

“సార్, పైకి కాదు, జర సూటిగ పెట్టి చూడున్రి సార్.”

“నువ్వే పెట్టి చూపించు.”

సామేలు కొత్త రీలు వేసి కెమెరా ఎత్తుకున్నాడు. ముగ్గురి ముందు, అంటే ఇద్దరి ముందు, పరువు పోతుందన్న కంగారులో పాత అలవాటు కొద్దీ ఎడమ అరచేయి లెన్సు కింద ఆనించి, ఎదురుగా ఉన్న బీరువాను చూసి నొక్కాడు. టక్కుమని పడింది. మళ్లీ పడింది. అయిదుసార్లు పడింది.

ఈశ్వరయ్య నవ్వాపుకోలేకపోయాడు. “ఏమప్పా సామేలూ, దాన్ని చెడిపో చెడిపో అని నువ్వే బతిమాలుతాండావే!”

శశిధర్ గారు మాత్రం నవ్వలేదు. ఆయన సిద్ధాంతాలు గల మనిషి. నల్లని ట్రాక్ సూట్ మీద వెలుతురు సరిపడక ఫోకస్ కుదిరి ఉండదని ఒకటి, గ్రౌండులో దుమ్ముకు స్థిర విద్యుత్తు పుట్టి ఉంటుందని ఇంకొకటి, పరుగెత్తే మనిషిని చూసి ఫొటోగ్రాఫర్ ఉద్వేగానికి లోనై మీటను సరిగా నొక్కలేదని మూడోది చెప్పారు. ఆయనకు బాగా నచ్చింది మూడోది. అప్పుడే అందరికీ తెలిసొచ్చిన సంగతి ఇంకోటుంది. ఫొటోగ్రాఫర్‌కు సంజాయిషీ నోటీసు ఇద్దామని సర్వీసు రిజిస్టరు తెప్పిస్తే, అందులో సామేలు ఇంకా డార్క్‌రూం అటెండరే. పత్రాల ప్రకారం యూనివర్సిటీకి ఫొటోగ్రాఫరే లేడు. లేనివాడికి నోటీసు ఇవ్వడం కుదరదు. అతణ్ని ఫొటోగ్రాఫర్‌గా ఖాయం చేయాలన్న ఫైలు పదకొండేళ్ల క్రితం మొదలై, ‘శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం ఉన్నదా?’ అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

ఆ సాయంత్రం సామేలు ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయాడు.

“ఏందయ్యా, తింటలేవు?” అంది సుగుణమ్మ.

“నన్ను అబద్ధాలకోరును చేసింది సుగుణా అది. వాళ్ల ముంగట ఒక్కపారి గూడ ఆగలే.”

“మా కాడ గూడ గంతే. ఇంట్ల నూట నాలుగు జ్వరమొస్తది, డాక్టర్ ముంగటికి రాంగనే సల్లవడ్తది. అందుకే మేం చార్టు రాస్తం. ఏదీ, నువ్వు రాసుకున్న డైరీ ఇటు ఇయ్యి.”

సుగుణమ్మ అయిదో తరగతి దాకే చదివింది కానీ, జ్వరం చార్టు చదవడంలో నర్సులకన్నా గట్టిది. డైరీని ఒళ్లో పెట్టుకుని, వేలితో ఒక్కొక్క వరస వెంబడి దిగుతూ పోయింది. పావురాలు, పడింది. లైబ్రరీ ముందు పిల్లలు, పడలేదు. వేదిక మీద మంత్రి గారు, పడింది. గార్డెన్‌లో గడ్డి కోస్తున్న ఆడవాళ్లు, పడలేదు. గడియారపు స్తంభం, పడింది. పరుగు, పడలేదు. వీసీ సారు, పడింది.

“ఎండ, వాన, పొద్దుగూకుడు, గవన్నీ చూసిన. ఏదీ కలుస్తలేదు” అన్నాడు సామేలు.

“ఎండవానలు పక్కకు పెట్టు. నువ్వు మెడ పైకెత్తి తీసినయన్నీ పడ్డయి. మెడ ఎత్తకుంట తీసినయి పడలే. చదువుకో.”

సామేలు డైరీ లాక్కుని చూశాడు. నలభై ఏడు వరసల్లో నలభై రెండు అలాగే ఉన్నాయి. మిగతా అయిదు కమిటీ గదిలో బీరువాను తీసినవి. అవి సూటిగా తీసినా పడ్డాయి.

అన్నం పళ్లెం అలాగే వదిలేసి, ఇంకా వెలుతురు ఉండగానే కెమెరా తీసుకుని మేడ మీదికి ఎక్కాడు. స్టాండు మీద పెట్టి నీళ్ల ట్యాంకు వైపు పైకి తిప్పాడు. పడింది. పక్కింటివాళ్ల దండెం వైపు సూటిగా తిప్పాడు. గీతలు. అలాగే ఉంచి, లెన్సు కింద అరచేయి పెట్టి కొంచెం పైకి ఎత్తి పట్టాడు. పడింది. చేయి తీశాడు. గీతలు. చేయి పెట్టాడు. పడింది. ఇరవై సార్లు చేశాడు. దండెం మీది చీర యజమానురాలు బయటికి వచ్చి “ఏం సామేలన్నా, మా చీర మీద ఏం పడ్డది?” అని అడిగితే గానీ ఆగలేదు.

లెన్సు బరువుకు ముందుకు వంగిపోతోంది. వంగితే, కెమెరాకూ లెన్సుకూ మధ్య కబురు మోసే చిన్న చిన్న ఇత్తడి చుక్కలు ఒకదానికొకటి ఆనడం లేదు. లెన్సు ఊడిపోయిందనుకుని కెమెరా నోరు మూసుకుంటోంది. పైకి తిప్పితే బరువంతా వెనక్కి వచ్చి మళ్లీ ఆనుకుంటున్నాయి. స్టేజీ ఎక్కినవాళ్ల ఫొటోలే ఎందుకు వచ్చాయో, నేల మీది మనుషులవి ఎందుకు రాలేదో సామేలుకు అర్థమైంది. కొంచెం నవ్వొచ్చింది, ప్రవళిక యాదికొచ్చి అది కాస్తా ఆగిపోయింది.

మర్నాడు సుగుణమ్మను తార్నాకలో దించి, చౌరస్తా బస్టాపు పక్కన వాచీలు బాగు చేసే ఉప్పలయ్య డబ్బా దగ్గర సైకిల్ ఆపాడు. ఉప్పలయ్య కంటికి భూతద్దం పెట్టుకుని ఒక ఆడవాళ్ల వాచీ విప్పుకుని కూర్చున్నాడు. లెన్సు చూసి వెనక్కి జరిగాడు.

“అన్నా, నాకు గడియారాలే తెల్సు. గీ తోపును నేను ముట్ట. పేల్తే ఎవనికి జవాబు చెప్పాలె?”

“విప్పొద్దు. వెనక రింగు ఒక్కటి చూడు. ఊగుతున్నదా లేదా, గంతే.”

ఉప్పలయ్య గోరుతో రింగును తాకాడు. పాల పన్నులాగా కదిలింది. భూతద్దం దించి దగ్గరికి వంగాడు.

“నాలుగు స్క్రూలున్నయి. ఒకటే బిగిసి ఉన్నది. రెండు లూజు. నాలుగోది పడిపోను తయారున్నది. ఎవడో విప్పి సరిగ్గ బిగియ్యలేదన్నా.” మళ్లీ చూశాడు. “గిదేందే, గీడ నంబరు కొట్టిన్రు? స్టోర్సు, తొంభై ఆరు, నాలుగొందల పదిహేడు. గింత నాజూకు రింగు మీద సుత్తితోని కొట్టినోడు ఎవడన్నా?”

సామేలుకు ఎవరో తెలుసు. తొమ్మిది రోజులు స్టోర్స్‌లో ఎందుకున్నదో కూడా తెలిసిపోయింది. “ముందు స్క్రూలు బిగియ్యి” అన్నాడు. ఉప్పలయ్య తన అన్నిటికన్నా చిన్న స్క్రూడ్రైవరు తీసి, ఊపిరి బిగబట్టి నాలుగు స్క్రూలూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాడు. రింగు కదలడం మానేసింది. సామేలు కెమెరాను ఎదురుగా ఆగిన బస్సు మీదికి సూటిగా పెట్టి, చేయి ఆనించకుండా నొక్కాడు. పడింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాళ్లను తీశాడు. పండ్లమ్మే అవ్వను తీశాడు. చివరకు ఉప్పలయ్యను తీశాడు. ఉప్పలయ్య అప్పటికే జుట్టు దువ్వుకుని కూర్చున్నాడు.

అక్కణ్నుంచి నేరుగా ఈశ్వరయ్య దగ్గరికి వెళ్లాడు. తలుపు దగ్గరగా వేసి, లెన్సును తిప్పి రింగు చూపించాడు.

“సార్, గీ నంబరు మీరు కొట్టించిన్రా?”

“అవునప్పా. పైన యాడ వేసినా దొంగోడు గీకేస్తాడని లోపల కొట్టించినా. వర్క్‌షాపోడు విప్పి, కొట్టి, మళ్లా బిగించినాడు. ఎట్లుంది? ఎవుడూ చెరపలేడు!” అన్నాడు ఈశ్వరయ్య గర్వంగా.

“స్క్రూలు సరిగ్గ బిగియ్యలే సార్. లెన్సు బరువుకు ఊగింది. అందుకే ఫొటో పడలే.”

ఈశ్వరయ్య గర్వం ఎటు పోయిందో తెలియలేదు. కళ్లజోడు తీసి తుడిచాడు. తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచాడు.

“ఇప్పుడు పనిచేస్తాండాదా?”

“చేస్తున్నది సార్. బిగిపించిన.”

“ఎవురితో?”

సామేలు చెప్పలేదు. ప్రభుత్వ సొత్తును బయటివాడితో ముట్టించడం నేరం. ఈశ్వరయ్య కూడా మళ్లీ అడగలేదు. బల్ల సొరుగులోంచి ఒక కట్ట తీసి ముందు పెట్టాడు. కమిటీ నివేదిక. ‘పరికరములో ఎట్టి లోపమూ లేదు. లోపము దానిని పట్టుకొను చేతియందున్నది. సదరు ఉద్యోగికి శిక్షణ అవసరము’ అని మొదటి పేజీలోనే ఉంది. వెనక ముప్పై ఆరు సీలింగ్ ఫ్యాను ఫొటోలు వరసగా అంటించి ఉన్నాయి. ప్రతి ఫ్యాను కిందా ఒక సంతకం.

“అయిదు కాపీలు టైపు చేయించినాము సామేలూ. సంతకాలు అయిపోయినాయి, పైకి గూడా పోయింది. ఇప్పుడు నంబరు సంగతి చెప్తే... నాకు ఇంక రెండేండ్లు సర్వీసుండాది.” గొంతు తగ్గించాడు. “శిక్షణే గదా. పోనీ, చేసుకోరాదా?”

సామేలుకు చెవుల దాకా మంట లేచింది. పాతికేళ్లు కష్టపడిన చేతి మీద వేసిన నింద అది. లేచి వెళ్లిపోదామనుకున్నాడు. ఇంతలో ఈశ్వరయ్య తనే లేచి వరండాలోకి పోయి, తన చేత్తో టీ తెచ్చి ముందు పెట్టాడు. సామేలు కాదనలేకపోయాడు. టీ తాగాడు. తాగినందుకు తన మీద తనకే కోపం వచ్చి, దారంతా సైకిల్ నడిపించుకుంటూనే పోయాడు.

శిక్షణ ఉత్తర్వు మార్చిలో వచ్చింది. దాన్ని రెండు సెక్షన్లు కలిసి తయారు చేశాయి. ఈ పరికరం తెలిసిన ఉద్యోగి యూనివర్సిటీలో ఎవరని ఒక సెక్షన్ విచారించి, ‘శిక్షకుడు: ఎ. సామేలు’ అని రాసింది. ఎవరికి శిక్షణ కావాలో నివేదికలో చూసి రెండో సెక్షన్, ‘శిక్షణ పొందువాడు: ఎ. సామేలు’ అని రాసింది. నలుగురు అధికారులు సంతకాలు పెట్టారు. చదివినవాడు లేడు.

సామేలు అటెండెన్స్ రిజిస్టరులో రెండు గడుల్లోనూ సంతకం పెట్టి మూడు రోజుల శిక్షణ మొదలుపెట్టాడు. క్యాంటీన్ నుంచి ఉత్తర్వు ప్రకారం పూటకు రెండు టీలు, రెండు సమోసాలు వచ్చేవి. క్యాంటీనువాడు రెండో ఆయన ఎక్కడని అడిగితే, “బాత్రూమ్‌కు పోయిండు” అని చెప్పేవాడు. చివరి రోజున రెండు ఫారాలు నింపమన్నారు. బోధన ఎట్లున్నదన్న ప్రశ్నకు ‘పర్వాలేదు’ అని, శిక్షణ పొందినవాని ప్రవర్తన ఎట్లున్నదన్న దానికి ‘శ్రద్ధ గలవాడు, కొంచెం కోపిష్టి’ అని నిజాయితీగా రాశాడు.

ఆ మూడు రోజులూ పాఠం జరిగింది గ్రౌండులోనే. మొదటి పొద్దున్నే ప్రవళికను కలిసి, “బిడ్డా, ఇంకొక్కపారి ఉరుకుతవా?” అని అడిగాడు.

“పోటీ అయిపోయింది గద అంకుల్. ఉత్తగ ఉరికితే గట్ల వస్తదా?”

“రాదు. అయినా నీకు మొఖం చూపియ్యాలె గద, అందుకే అడిగిన.”

ప్రవళిక హాస్టల్ వైపు పరుగెత్తుకుపోయి వాళ్లమ్మను లాక్కొచ్చింది. బాలలక్ష్మి చేతుల పిండి కొంగుకు తుడుచుకుంటూ గీత దగ్గర నిలబడింది. టేపు లేదు కాబట్టి సామేలు సైకిల్ ట్యూబును రెండు కర్రలకు కట్టాడు. ప్రవళిక ఒక్కతే పరుగెత్తింది. దాటి వెళ్లడానికి ఎవరూ లేరు. మొదటి రెండు రోజులూ ముఖంలో ఏమీ రాలేదని సామేలే రీలు వృథా చేయలేదు. మూడో రోజున బాలలక్ష్మికి ఓపిక నశించి, “అటు అన్నం మాడిపోతున్నది, జల్ది రావే!” అని అరిచింది. అంతే, ఆ పిల్ల పొట్ట చేత పట్టుకుని నవ్వుతూ, ఊపిరాడక, జుట్టు ఊడిపోయి, ట్యూబు మీద పడి దాన్ని తెంపుకుంటూ వచ్చింది. సామేలు వరసగా ఎనిమిది తీశాడు. ఎనిమిదీ సూటిగా, నేల మీది మనిషివే. ఎనిమిదీ పడ్డాయి.

తల్లి ఆ ఫొటోలలో ఒకటి తీసుకుంది. అది పరుగుపందెం ఫొటోలా లేదని, పెళ్లిలో ఆడుతున్నట్టు ఉందని అంది. కానీ వంటగదిలో నూనె మరకలు పడని గోడ వెతికి అక్కడే పెట్టుకుంది.

ధ్రువపత్రం మే నెలలో వచ్చింది. ఈశ్వరయ్య దాన్ని తనే పట్టుకుని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కు నడిచాడు. పదకొండేళ్లుగా పడుకున్న ఫైలును దుమ్ము దులిపి, ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఈ ధ్రువపత్రాన్ని కుట్టించాడు. ఎందుకింత శ్రమ పడుతున్నావని ఎవరో అడిగితే, “నంబరు లేకుండా మనిషిని వదిలేస్తే ఎట్లప్పా?” అన్నాడట. జూలైలో సామేలు ఖాయమయ్యాడు. సుగుణమ్మ ఉత్తర్వు కాగితాన్ని నర్సింగ్‌హోంలో డాక్టరమ్మతో చదివించుకుని వచ్చి, “ఇన్నొద్దులు నేను అటెండరు పెండ్లాన్నా? గీ ముచ్చట పెండ్లికి ముందు చెప్పాల్సింది” అని సామేలును వారం రోజులు ఏడిపించింది.

ఒక్క చిక్కు మిగిలింది. ధ్రువపత్రంలో ‘టెలీఫొటో’ అని ఉండటంతో, ఉత్తర్వులో ఆయన హోదా ‘టెలీ-ఫొటోగ్రాఫర్’ అని పడింది. అది క్యాంపస్ డైరెక్టరీలోకి ఎక్కేసరికి గడి ఇరుకై ‘టెలీ.’ దగ్గర ఆగిపోయింది. అప్పటి నుంచి హాస్టళ్లలో, డిపార్ట్‌మెంట్లలో ఎవరి ఫోను మూగబోయినా ఫొటో సెక్షన్‌కు మనిషి వచ్చేవాడు. ఇది నా పని కాదని సామేలు మొదట్లో చెప్పి చూశాడు. పేరు సరిచేయమని కాగితం పెడితే మళ్లీ కమిటీ వేస్తారని భయపడి ఊరుకున్నాడు. రిటైరయ్యేలోపు ఏడెనిమిది ఫోన్లు చూసి వచ్చాడు. అందులో రెండు బాగయ్యాయి.